షరీఫ్ తాడు డాట్ కామ్

వన్ టౌన్‌లో చేపల బోట్లకీ ఓడలకీ తాళ్ళు అమ్మే పాత కొట్టు. కౌంటరు వెనక యజమానురాలు కరీమున్నీసా. ఎదురుగా లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని నరేష్. ఎండలో నడిచి వచ్చినవాడు మంచినీళ్ళయినా అడక్కుండా మాటలు మొదలుపెట్టి అప్పటికి పావుగంట.

"అంటే ఏటి బాబూ, నా కొట్టు పేరు నువ్వు కొనీసినావు. కొనీసి మళ్ళీ నాకే అమ్మడానికొచ్చినావు. అంతేనా?"

"అలా కాదు మేడమ్. కొట్టు పేరంటే ఈ బోర్డు మీది పేరు కాదు. ఇంటర్నెట్లో మీ అడ్రసు. డొమైన్ నేమ్ అంటారు. షరీఫ్ తాడు డాట్ కామ్."

"మేడమ్ ఎవులు? ఈ కొట్లో నానొక్కదాన్నే ఉన్నాను."

"సారీ, అమ్మగారూ."

"ఆఁ, ఇప్పుడు సెప్పు. ఎవరి దగ్గిర కొన్నావు?"

"కంపెనీ దగ్గర. ఎవరూ తీసుకోని పేరైతే ఎవరైనా తీసుకోవచ్చు. ఏడాదికోసారి డబ్బు కడుతున్నంతకాలం అది నాదే."

"ఎవరూ తీసుకోనిదా! నలభై ఏళ్ళు మోసినాడు బాబూ మా ఆయన ఆ పేరు."

"బయట మోశారమ్మగారూ. ఇంటర్నెట్లో ఖాళీగా ఉంది."

"ఖాళీ జాగా."

"అదీ! ఎంత బాగా పట్టుకున్నారు! సరిగ్గా ఖాళీ స్థలం లాంటిదే."

"ఆ యవ్వారం నాకు తెలుసులే. ఓనరు ఊళ్ళో లేనప్పుడు సూసి కంచె ఏసీడం. ఓనరొత్తే కూల్‌డ్రింకిచ్చి కూకోబెట్టి, 'మీ జాగా మీకే ఇత్తాం, ఎంతిత్తారు' అనడం."

"అయ్యో, అది కబ్జా అమ్మగారూ. ఇది పెట్టుబడి."

"రెండిటికీ తేడా ఏటి?"

"ఇది... ఇది ఆన్‌లైన్లో."

"ఓహో. మరి మధ్యలో ఆ డాటేటి?"

"చుక్కండీ. పేరుకీ కామ్‌కీ మధ్య చుక్క."

"మా ఉర్దూలో డాఁట్ అంటే తిట్టు. కామ్ అంటే పని. తిట్లు తిని పని సెయ్యడం. అది నాకు పెళ్ళైన్నాటి నుంచీ ఉన్నాది బాబూ, కొత్తగా కొనక్కర్లేదు."

"హహ... మీరు భలే మాట్లాడతారు. సరే, ఒక్కసారి ఆలోచించండి. పారాదీప్‌లో ఒక బోటు ఓనరున్నాడు. ఫోన్ తీశాడు. షరీఫ్ తాడు అని కొట్టాడు..."

"ఎవుల్ని కొట్టినాడు?"

"టైపు కొట్టాడండీ. కొడితే ఏమొస్తుంది?"

"ఏటొత్తాది?"

"మీ కొట్టు రాదు. నా పేజీ వస్తుంది. పెద్ద అక్షరాలతో మీ పేరు, దాని కింద 'అమ్మకానికి కలదు' అని."

"ఏటేటి? మళ్ళీ అను."

"షరీఫ్ తాడు. అమ్మకానికి కలదు. కింద నా ఫోన్ నంబరు."

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నాది ఆ రాత?"

"నెల దాటిందండీ."

"నెల దాటిందా. మంచిది. సాన మంచిది. నీళ్ళు తాగుతావా?"

"వద్దండీ. అంటే నా ఉద్దేశం, ఆలస్యమైన కొద్దీ మీకే నష్టం. ఈ రోజుల్లో పేరు లేకపోతే..."

"పేరు నాకున్నాది. నీకే నేదు. నీ పేరేటన్నావు?"

"నరేష్."

"ఏ ఊరు?"

"చోడవరం అవతలండీ. మా నాన్న శ్రీరామ్మూర్తి, వ్యవసాయం. నేను డొమైన్ ఇన్వెస్టర్ని."

"అంతకు ముందు?"

"అచ్యుతాపురంలో మందుల కంపెనీలో చేసేవాణ్ణి. మాత్రలు ప్యాకింగు. మానేశాను."

"మనిషి రోగానికి పనికొచ్చే పని మానీసి ఇదా! ఎవులు సెప్పినారు నీకు?"

"యూట్యూబ్‌లో ఒక సార్ ఉన్నారండీ. ఒకే ఒక్క పేరు కోట్లకి అమ్మిన మనుషులున్నారట. ఆయన దగ్గర ఆన్‌లైన్ క్లాసులు కట్టాను."

"ఆ సారు పేర్లమ్మి సంపాయించినాడా, క్లాసులమ్మి సంపాయించినాడా?"

"క్లాసులే అనుకుంటానండీ."

"ఊఁ. నువ్విప్పటికి ఎన్ని పేర్లమ్మినావు?"

"మీదే మొదటిది అవుతుందండీ. బోణీ."

"ఎంత?"

"మామూలుగా అయితే మూడు లక్షలు చెప్పాలి. మీరు పెద్దవారు కాబట్టి రెండు."

"నువ్వెంతకి కొన్నావు?"

"అది వేరే సంగతి అమ్మగారూ. కొన్న ధర కాదు, విలువ చూడాలి."

"సరే, వద్దు. ఎల్లిరా."

"అమ్మగారూ..."

"వద్దన్నాను కదా. బోట్లోళ్ళు నా కొట్టుకి ఫోను సూసుకుని రారు. తాడు తెగితే వత్తారు. ఎల్లు."

"నేను చెప్పకూడదనుకున్నానండీ. మీరు పెద్దవారు, బాధపడతారని."

"ఏటి?"

"వద్దులెండి."

"ఏటో సెప్పు."

"ఎదురు సందులో మీ మరిది గారు ఉన్నారు కదండీ. జాకీర్ గారు. ఆయనదీ తాళ్ళ కొట్టే."

"ఉన్నాడు. అయితే ఏటి?"

"ఆయన అడుగుతున్నారు ఈ పేరు."

"జాకీరా?"

"అవునండీ."

"మా జాకీర్ అడిగినాడా? నీతో?"

"నాతోనేనండీ. రెండున్నర ఇస్తానన్నారు. కానీ న్యాయంగా ముందు మిమ్మల్ని అడగాలి కదా అని..."

"ఎప్పుడు అడిగినాడు?"

"నిన్ననే."

"ఎక్కడ?"

"ఆయన కొట్లోనే. టీ కూడా ఇచ్చారు."

"టీ కూడా ఇచ్చినాడా! యా అల్లా. మా ఆయన పోయి నలభై దినాలు కాకుండా ఎదురుగా కొట్టు ఎట్టినాడు బాబూ. బోర్డు మీద 'షరీఫ్ తమ్ముడు' అని రాయించినాడు. షరీఫ్ అని ఇంతెత్తున, తమ్ముడు అని సీమంత. దానికోసం కోర్టుకి తిరిగి తిరిగి నా మోకాళ్ళు పోయినాయి. ఇప్పుడు దీని మీద పడ్డాడా?"

"అందుకే అమ్మగారూ నా బాధ. ఒకసారి ఆయన చేతికి వెళ్ళిందంటే ఇక నేనేం చెయ్యలేను. సాయంత్రం ఫోన్ చెయ్యమన్నారు."

"సెయ్యకు! ఒట్టెయ్యి, సెయ్యకు. బుష్రా! ఓ బుష్రా! ఇలా రా. టీ ఎట్టుకురా. కాగితం కూడా ఒట్టుకురా!"

కూతురు బుష్రా లోపలి గదిలోంచి వచ్చింది.

"ఏంటమ్మీ ఆ కేకలు?"

"ఈ బాబు మన పేరు అమ్మడానికొచ్చినాడే. ఇంటర్నెట్ పేరు. రెండు లచ్చలంట. మనం కొనకపోతే జాకీర్ కొనీత్తాడంట!"

"ఓహో. కూర్చోండి, కూర్చోండి. టీలో చక్కెర వెయ్యొచ్చా?"

"వెయ్యండి మేడమ్."

"అమ్మకి ఇలాంటివి తెలియవు. నేను రాసుకుంటాను. మీరు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టేస్తే, డబ్బు సంగతి చూద్దాం."

"తప్పకుండా మేడమ్. ఆఫర్ లెటర్ అంటారు దీన్ని. ప్రొఫెషనల్‌గా ఉంటుంది."

"చాలా ప్రొఫెషనల్‌గా ఉంటుంది. మీ చేత్తో మీరే రాయండి. 'నరేష్ అనే నేను, షరీఫ్ తాడు అనే పేరుతో వన్ టౌన్‌లో కొట్టు ఉందని తెలిసే...' "

"తెలిసే అని రాయాలా?"

"తెలియకుండా వస్తారా మరి? కష్టపడి వెతికి పట్టుకున్నారు కదా, ఆ కష్టం కాగితం మీద కనిపించాలి."

"అవునవును. '...ఉందని తెలిసే...' "

" '...ఆ కొట్టు వారికే అమ్మాలన్న ఉద్దేశంతో ఈ పేరు కొన్నాను.' "

" '...ఉద్దేశంతో...' కొన్నాను. రాశాను."

" 'రెండు లక్షలు ఇస్తే పేరు ఇచ్చేస్తాను. ఇవ్వకపోతే వారి పోటీదారు జాకీర్ గారికి అమ్మేస్తాను.' "

"కొంచెం ఘాటుగా లేదా మేడమ్?"

"అమ్మకి భయం వెయ్యాలంటే ఆ మాత్రం ఉండాలండీ. లేకపోతే రేపటికి మనసు మార్చుకుంటుంది."

"అదీ నిజమే. అమ్మేస్తాను. అయిపోయింది."

"సంతకం. తేదీ. ఫోన్ నంబరు. ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు."

"ఇదిగోండి. మా ఇంటావిడ దేవిశ్రీకి ఇప్పుడే మెసేజ్ పెడతానుండండి. ఒక్క నిమిషం. తను ఆర్నెల్ల నుంచి రోజూ ఇదే అడుగుతోంది, ఏమైంది ఏమైంది అని."

"పెట్టకండి."

"ఎందుకు?"

"ఆగండి. అమ్మీ, చిన్నాన్న ఎప్పుడెళ్ళాడు?"

"జాకీరా? బుధవారం. అజ్మీరు దర్గాకెళ్ళి ఎనిమిది దినాలైనాది. కొట్టుకి తాళం."

"నిన్న ఈయనకి టీ ఇచ్చాడట."

"ఇచ్చినాడంట. తాళం ఏసిన షట్టరు సందులోంచి ఇచ్చుంటాడు."

"అంటే... అంటే ఫోన్లో అండీ. ఫోన్లో మాట్లాడాను. టీ అంటే..."

"ఫోన్లో టీ ఇచ్చినాడా? అది కూడా ఆన్‌లైన్లోనా?"

"అమ్మగారూ, నేను వెళ్ళొస్తాను. ఆ కాగితం ఒకసారి ఇలా..."

"కాగితం నా దగ్గర ఉంటుంది. కూర్చోండి నరేష్ గారూ. నేను లాయర్ని. చిన్నాన్న బోర్డు గొడవ అయినప్పుడే షరీఫ్ తాడు అన్న పేరు ట్రేడ్‌మార్క్ చేయించాం. రిజిస్టరై మూడేళ్ళయింది. రిజిస్టరైన పేరు వేరేవాళ్ళు ఇంటర్నెట్లో కొని, ఆ పేరు గలవాళ్ళకే ఎక్కువకి అమ్మజూపితే దాన్నేమంటారో తెలుసా?"

"పెట్టుబడి..."

"కబ్జా అంటారు. దాన్ని వెనక్కి లాక్కోడానికి ఫిర్యాదు చెయ్యొచ్చు. అందులో కష్టమైన భాగం ఒక్కటే, దురుద్దేశంతో కొన్నారని రుజువు చెయ్యడం. ఆ కష్టం మాకు లేకుండా మీరు మీ దస్తూరీతో రాసిచ్చారు. సంతకంతో సహా. ప్రొఫెషనల్‌గా."

"టీ తాగు బాబూ, సల్లారిపోతన్నాది."

"అమ్మా, నాకు తెల్దమ్మా. ఒట్టు. నానేటి తప్పు సేసానమ్మా? ఖాళీగా ఉన్నాదని తీసుకున్నాను, అంతే! ఆ సారు క్లాసులో ఇదేటీ సెప్పనేదు."

"హమ్మయ్య! ఇప్పుడు మనిషిలా మాటాడతన్నావు. ఇందాకట్నించీ ఎవడో టీవీలోంచి మాటాడతన్నట్టుండేది."

"మానేసిన కాడ మల్లీ తీసుకోరమ్మా. పీఎఫ్ డబ్బులన్నీ ఈ పేర్ల మీద ఎట్టేసాను. అరవై మూడు పేర్లు. ఒక్కటీ అమ్ముడుపోనేదు. మద్దిలపాలెంలో మిఠాయి కొట్టాయనైతే, 'పదకొండు గంటలకే నా సరుకు అయిపోతన్నాది, నీ వెబ్‌సైట్ ఎట్టి ఇంకో వందమందొత్తే జిలేబీ నువ్వేత్తావా' అని తగువుకొచ్చినాడు."

"సరిగ్గానే అన్నాడు. ఇంకా?"

"టిఫిన్ల చిట్టెమ్మ దగ్గరికెల్లాను. చిట్టెమ్మ టిఫిన్స్ డాట్ కామ్. ఇడ్లీ ఎట్టి డబ్బులడిగింది, పేరు మాత్రం అక్కర్లేదంది. ఇటుకల అప్పలరాజు గారైతే నా మాటంతా విని, 'నా పేరు నీ దగ్గిరెందుకున్నాది' అని చొక్కా ఒట్టుకున్నారు."

"మరి నాను ఒట్టుకోనేదని కూకున్నావా? సూడు బాబూ. పదిహేను దినాల కింద హార్బరు నుంచి జగ్గయ్య వచ్చినాడు. పదిహేనేళ్ళుగా మా దగ్గిరే తాడు కొంటాడు. 'అక్కా, కొట్టు అమ్మేత్తన్నావంట, మా అల్లుడు ఫోన్లో సూసినాడు' అన్నాడు. మర్నాటికి ఇంకో ఇద్దరు. బాకీ ఎట్టుకున్నోడొకడు, కొట్టు ఎలగూ ఎత్తేత్తన్నావు కదా అని కట్టడం మానేసినాడు. అదేటి రాతో, ఎవులు రాసినారో నాకు తెల్దు."

"అమ్మా... నా పేజీ..."

"నీ పేజీయే. నాను జాకీర్ పని అనుకున్నాను. మొగుడు పోయినదాన్ని, ఒంటరిదాన్ని, ఇలగ నా మీద పుకారు పుట్టిస్తావా అని ఆడి కొట్టు ముందు నిలబడి, పదిమంది ఆటోవోళ్ళు సూత్తంటే, నోటికొచ్చినట్టు తిట్టినాను. ఆడు ఒక్క మాట అన్లేదు. మర్నాడు పొద్దున్నే అజ్మీరు బండెక్కేసినాడు."

"నేను రాసింది పేరు అమ్మకానికి అనమ్మా. కొట్టు కాదు."

"షరీఫ్ తాడు అమ్మకానికి అంటే ఏటనుకుంటారు జనం? నీకు పేరు వేరు, కొట్టు వేరు. మాకు కాదు. హుద్‌హుద్ గాలిలో హార్బర్లో బోట్లు ఒకదాని మీదొకటి ఎక్కిపోతంటే, మా తాడుతో కట్టినోళ్ళు, 'ఇది షరీఫ్ తాడు' అని దణ్ణం ఎట్టుకుని ఇంటికెల్లిపోనారు. ఆ పేరు నువ్వెంతకి కొన్నావు? ఇందాక అడిగితే సెప్పనేదు."

"ఎనిమిది వందల తొంభై తొమ్మిది."

"తొమ్మిది వందలు కూడా నేదా!"

"ఆఫర్లో వచ్చిందమ్మా."

"ఆఫర్లో వచ్చినాదంట, బుష్రా. నలభై ఏళ్ళు ఆ పేరు మోసిన మీ అబ్బాజాన్ ఆఫర్లో వచ్చినాడు."

"అమ్మీ, ఊరుకో. నరేష్ గారూ, రెండు దారులున్నాయి. నేను ఫిర్యాదు వేస్తాను, మీరు లాయర్ని పెట్టుకుంటారు, పేరు ఎలాగూ మాకొస్తుంది. లేదా ఇప్పుడే, ఇక్కడే, ఆ లాప్‌టాప్ తెరిచి పేరు మా కొట్టుకి మార్చేస్తారు. కొన్న ధర ఇస్తాం. ఆ పేజీ ఇప్పుడే తీసేస్తారు."

"తీసేత్తానండీ. ఇప్పుడే తీసేత్తాను. డబ్బులేటీ వద్దు."

"తీసుకోండి. ఊరికే తీసుకున్నామన్న మాట మాకెందుకు?"

"మీ ఈమెయిల్ సెప్పండి మేడమ్. ఆఁ... ఇది నొక్కాలి... మీకొక కోడ్ వత్తాది, సెప్పండి."

"నాలుగు, ఏడు, సున్నా, రెండు, ఆరు, ఒకటి."

"అయిపోయినాదండీ. ఇప్పుట్నుంచీ మీదే."

"ఇంతేనా? ఇంత సేపటిలో అయిపోయేదానికి రెండు లచ్చలా?"

"అమ్మగారూ, మా అమ్మ సన్యాసమ్మ మీదొట్టు. ఇంకెప్పుడూ ఇంకొకళ్ళ పేరు ముట్టుకోను. ఈ అరవై రెండూ గడువైపోతే వదిలేత్తాను. రేపు అచ్యుతాపురం ఎల్లి ఆ సూపర్‌వైజర్ కాళ్ళు ఒట్టుకుంటాను. దేవిశ్రీకి నిజం సెప్పేత్తాను."

"సెప్పు. పెళ్ళాం దగ్గిర దాచకు. తిట్టినా నీ మంచికే తిడతాది. మనిషికి పేరొకటే ఉంటాది బాబూ. ఇంకొకడి పేరు మీద కూకుని బతకడం పాపం. ఖుదా సూత్తాడు."

"నిజమేనమ్మా. ఇంత మంచిగా నాకెవులూ సెప్పనేదు. ఆ కాగితం..."

"ఇదిగో, మీ ముందే చింపేస్తున్నాను. జాగ్రత్తగా వెళ్ళండి."

"థాంక్సండీ. వత్తానమ్మగారూ. తప్పైపోనాది, మన్నించండి."

"మన్నించినాను పో. చొక్కా అంతా తడిసిపోనాది, ఫ్యాను కింద నిలబడి ఎల్లు."

"అమ్మీ, అయితే చిన్నాన్న తప్పేం లేదన్నమాట."

"ఊఁ."

"పదిమందిలో తిట్టావు. ఆయన పల్లెత్తు మాట అనలేదు."

"అన్లేదు."

"ఇప్పుడే ఫోన్ చెయ్యి. దర్గాలోనే ఉంటాడు. ఒక్క మాట, తప్పయింది జాకీర్ అను. ఇన్నేళ్ళ గొడవ ఈ పూటతో పోతుంది."

"సేత్తాను. అనాల్సిందే. తప్పు నాదే కదా. ఆడు ఈ పండక్కి కొత్త బోర్డు ఎట్టిత్తన్నాడంట కదా?"

"అవును, జాకీర్ రోప్స్ అని లైట్ల బోర్డు. వెబ్‌సైట్ కూడా పెడుతున్నాడట, కాకినాడ నుంచి ఆర్డర్లు తీసుకోడానికి. చక్కగా తన పేరే పెట్టుకుంటున్నాడు కదమ్మీ, ఇంక మనకేం గొడవ?"

"మనకేటి గొడవ! ఏం లేదు. ఊరికే అడుగుతున్నాను, ఆ పేరు మనలాగ రిజిస్టర్ సేయించుకున్నాడా?"

"లేదు. కేసులతో విసిగిపోయాడు, ఇంక కాగితాల జోలికి పోనన్నాడట. ఎందుకు?"

"ఎందుకూ నేదు. ఒరే నరేషూ! ఎల్లిపోకు, ఇలా రా. బుష్రా, నువ్వు లోపలికెల్లి అన్నం సంగతి సూడు. నువ్వు కూకో బాబూ, ఆ లాప్‌టాప్ తెరువు. జాకీర్ రోప్స్ డాట్ కామ్ ఖాళీగా ఉన్నాదేమో సూడు."